కొమురం భీమ్: పన్నెండు ఊళ్ళ అర్జీ

వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న విద్యార్థులకు, కెరమెరి, జైనూరు, ఉట్నూరు వైపు గూడేల నుంచి ఇంత దూరం శ్రమపడి వచ్చిన గోండు, కొలాం, ప్రధాన్, తోటి పెద్దలకు జై సేవా, నమస్కారం.

కొమురం భీమ్ గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. ఆయన పేరు తెలియనివారు ఇవాళ తెలుగు నేల మీద అరుదు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. ఆసిఫాబాద్ దగ్గర అడ గ్రామం వద్ద పెద్దవాగు మీద కట్టిన ప్రాజెక్టుకు ఆయన పేరు పెట్టారు. 2016 అక్టోబరులో తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఒక జిల్లాయే ఆయన పేరున వెలిసింది. ఈ మధ్య వచ్చిన ఒక భారీ చలనచిత్రం వల్ల దేశం బయట కూడా ఆ పేరు వినబడింది. ఈ బొమ్మల్లో చాలావాటిలో భీమ్ చేతిలో తుపాకి ఉంటుంది, అది న్యాయమే, ఆయన తుపాకి పట్టిన మాట నిజం. అయితే తుపాకి పట్టడానికి ముందు కాగితం పట్టుకొని, తమ ఊళ్ళను తమకు వదిలిపెట్టమని ఆఫీసుల చుట్టూ తిరిగిన భీమ్ ఒకడున్నాడు. ఆ అర్జీదారును మనం దాదాపుగా మరిచిపోయాము. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నదంతా ఆయన గురించే, ఎందుకంటే ఆ అర్జీలో ఏముందో తెలియకుండా ఆయన పోరాటం ఎందుకు వచ్చిందో అర్థం కాదు, ఆయన పోయిన తరువాత ఎనభై ఏళ్ళకు పైగా ఈ కొండల్లో జరిగినదీ అర్థం కాదు.

ముందు నేల సంగతి చెప్పుకోవాలి. గోండులు ఒకప్పుడు రాజ్యాలు ఏలినవారు. చాందా, అంటే నేటి చంద్రపూర్, కేంద్రంగా గోండు రాజులు శతాబ్దాల పాటు పాలించారు. ఇటువైపు సిర్పూరులోనూ, ఉట్నూరులోనూ వారి కోటల ఆనవాళ్ళు నేటికీ కనబడతాయి. పద్దెనిమిదో శతాబ్దం నడుమ చాందా మరాఠాల చేతికి పోయింది, ఆ తరువాత ఈ ప్రాంతం నిజాం రాజ్యంలో ఒక మూలగా మిగిలింది. దొరతనం పోయినా నేల మాత్రం చాలాకాలం చేజారలేదు. కొండవాలుల్లో ఉండే తేలిక నేలలను కొన్నేళ్ళు దున్ని, బలం తగ్గగానే బీడు పెట్టి, పక్క నేలకు జరిగి, తిరిగి కొన్నేళ్ళకు పాత చేనికి రావడం వారి సేద్యం పద్ధతి. ఏ చేను ఎవరిదో ఊరి పెద్ద అయిన పట్లకు తెలుసు, ఊరందరికీ తెలుసు, ఊరి దేవతకూ తెలుసు. దానికి కాగితం అవసరమని ఎవరికీ తోచలేదు, తోచవలసిన అవసరం కూడా రాలేదు.

ఆ అవసరం పందొమ్మిదో శతాబ్దం చివర సర్వే, బందోబస్తులతో, అంటే నేల కొలిచి శిస్తు నిర్ణయించడంతో, మొదలై ఇరవయ్యో శతాబ్దంలో ఉప్పెనలా వచ్చి పడింది. రాజ్యం నేలను కొలిచి, పట్టా ఉన్న భూమి, పట్టా లేని భూమి, అడవి అని మూడు ముక్కలు చేసింది. గోండు దున్నుతున్న చేను చాలాచోట్ల శివాయి జమాబందీ కింద పడింది, అంటే ఏ ఏటికాయేడు శిస్తు కట్టి దున్నుకోవడమే తప్ప హక్కు లేని భూమిగా నమోదయింది. బీడు పెట్టిన చేను అయితే ఎవరూ దున్నని భూమిగా లెక్కకు వచ్చి, అడవి గీత లోపలికి వెళ్ళిపోయింది. అదే కాలంలో మంచి నల్లరేగడి మీద కన్నేసిన వలసదారులు ఇటు తెలంగాణ మైదానాల నుంచీ, అటు మరాఠ్వాడా, వార్ధా వైపుల నుంచీ రావడం మొదలైంది. 1929 ప్రాంతంలో కాజీపేట, బల్లార్షా మధ్య రైలుమార్గం పూర్తయి మద్రాసుకూ ఢిల్లీకీ నేరుగా దారి కలిసిన తరువాత ఆ రాకడ మరీ పెరిగింది. పత్తికి ధర ఉంది, కలపకు ధర ఉంది, దగ్గరలోనే స్టేషను ఉంది. ఇక ఆ నేలకు ధర రాకుండా ఎట్లా ఉంటుంది?

ధర వచ్చిన నేల చేతులు మారిన తీరు కొంచెం నెమ్మదిగా చెప్పనివ్వండి, మన పాఠ్యపుస్తకాలు రెండు వాక్యాల్లో దాటేసే చోటు ఇదే. పట్టా కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. దరఖాస్తు ఉర్దూలో ఉండాలి. ఉర్దూ రాయగలిగినవాడు పట్వారీ, లేదా పట్వారీకి తెలిసినవాడు. గోండు తన ఊరు దాటి తాలూకా కచేరీకి వెళ్ళేసరికి, అక్కడ తన చేనికి మరొకరి పేరు రాసి ఉండేది. శిస్తు తానే కట్టినా రసీదు మరొకరి పేరున వచ్చేది. అప్పు ఇచ్చిన షావుకారు వడ్డీకి పంట కొలిపించుకొని, పంట చాలకపోతే చేను రాయించుకునేవాడు. తాను వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో ఆ గోండుకు చదివి చెప్పే మనిషి ఉండేవాడు కాదు. ఇట్లా ఒక్క దెబ్బ పడకుండా, ఒక్క గుడిసె కాలకుండా, కేవలం రాతతోనే ఊళ్ళకు ఊళ్ళు పరాయివైపోయాయి. తన తాతముత్తాతలు దున్నిన చేనిలోనే పాలేరుగా మిగిలిన గోండుల కథలు ఆ కాలపు ఆదిలాబాద్ జిల్లా అంతటా ఉన్నాయి.

రాతతో పోని చోట అడవి శాఖ వచ్చింది. రిజర్వు అడవి అని గీత గీసిన తరువాత లోపల ఉన్న గూడెం నేరస్థలమయింది. పశువులు మేపితే బంబ్రాం, వంటచెరుకు తెచ్చుకుంటే దూపపెట్టి అని పన్నులు పడ్డాయి. నాగలికి కర్ర కొట్టినా, ఇంటికి వాసం తెచ్చినా తప్పే. ఆ తప్పును చూసీ చూడనట్టు వదిలేయడానికి చౌకీదారుకు కోడి, గార్డుకు నెయ్యి, పై అధికారికి రూపాయలు ముట్టజెప్పాలి. ప్రభుత్వం వసూలు చేసే పన్ను ఒక ఎత్తు, దాని పేరు చెప్పి కిందివారు వసూలు చేసుకునేది ఇంకొక ఎత్తు.

ఈ పరిస్థితుల్లో పుట్టి పెరిగినవాడు భీమ్. 1901లో ఆసిఫాబాద్ దగ్గరి సంకెపల్లిలో పుట్టాడని ప్రచారంలో ఉన్న మాట. తండ్రి చిన్నూ పోయిన తరువాత కుటుంబం సుర్దాపూర్‌కు వలస వెళ్ళింది. అక్కడ అడవి నరికి, నేల చదును చేసి, పంట చేతికొచ్చే వేళకు ఆ భూమి నాదని సిద్దిఖ్ అనే పట్టాదారు మనుషులను వెంటబెట్టుకొని వచ్చాడనీ, ఆ గొడవలో భీమ్ దెబ్బకు అతడు చనిపోయాడనీ గోండులు చెప్పుకుంటారు. ఆ కథలో కోపం మన కంటికి ముందు కనబడుతుంది. కానీ ఆ కథ నడుమ కూడా ఒక కాగితమే ఉందని గమనించండి. దున్నినవాడి చేతిలో అది లేదు, దున్ననివాడి చేతిలో ఉంది.

ఆ తరువాత భీమ్ ఊరు విడిచి వెళ్ళిన సంవత్సరాల గురించి గూడేల్లో చాలా చెబుతారు. బల్లార్షా వైపు వెళ్ళాడని, అక్కడ విఠోబా అనే అచ్చుయంత్రం నడిపే మనిషి దగ్గర పనిచేశాడని, చదవడం రాయడం అక్కడే నేర్చుకున్నాడని, పోలీసులు ఆ విఠోబాను పట్టుకుపోతే అస్సాం తేయాకు తోటలకు వెళ్ళి కూలి చేశాడని, అక్కడా కూలీల పక్షాన నిలబడి జైలు పాలై తప్పించుకొచ్చాడని ఆ కథనం. మన్యంలో అల్లూరి సీతారామరాజు చేసిన పోరాటం గురించి విని ఉత్తేజం పొందాడని కూడా అంటారు. బ్రిటిషువారి మీద తిరగబడిన రాంజీ గోండును నిర్మల్‌లో 1860లో ఉరితీసిన మర్రి గురించిన కథలు చిన్ననాటి నుంచీ విన్నవాడే. ఈ కథనంలో నన్ను బాగా పట్టి నిలిపేది అచ్చుయంత్రం దగ్గరి పని. తమవాళ్ళ భూములు ఏ అక్షరాల వల్ల పోతున్నాయో ఆ అక్షరాలను వెతుక్కుంటూ వెళ్ళి నేర్చుకొని వచ్చిన మనిషిగా జనం తమ నాయకుణ్ణి గుర్తుపెట్టుకున్నారు. ఒక జాతి తన వీరుడికి ఇంతటి గుణం ఆపాదించుకోవడం సామాన్యమైన సంగతి కాదు.

తిరిగి వచ్చాక కాకన్‌ఘాట్‌లో లచ్చు పటేల్ దగ్గర చేరాడు. ఆ పటేల్ భూమి వ్యాజ్యాన్ని ఆసిఫాబాద్ కచేరీలో నడిపి గెలిపించాడని చెబుతారు. పెళ్ళయింది, సోంబాయి ఆయన భార్య. తరువాత బంధువులతో, తోటివారితో కలిసి బాబేఝరి వైపు కొండల్లోకి వెళ్ళి అడవి కొట్టి సేద్యం మొదలుపెట్టాడు. జోడేఘాట్, పట్నాపూర్, బాబేఝరి, టొయికన్‌మోవాడ్, చాల్‌బడి, శివగూడ, లైన్‌పటార్ మొదలైన పన్నెండు ఊళ్ళు అట్లా నిలిచాయి. గోండులే కాదు, కొలాములు కూడా ఆ ఊళ్ళలో ఉన్నారు. ఈ మాట నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే కొలాములు సంఖ్యలో తక్కువ, వారి ఊళ్ళు మరీ పైన కొండకొమ్ముల్లో ఉండేవి, అడవి గీత వల్ల మొదట దెబ్బతిన్నదీ వారే. భీమ్ పేరు చెప్పేటప్పుడు వారి పేరు వెనక పడిపోకూడదు.

అడవి శాఖ ఆ ఊళ్ళను ఒప్పుకోలేదు. లంచం అడిగారు, ఇచ్చినా ఆగలేదు, గుడిసెలు తగలబెట్టారు, పంట తొక్కించారు. అప్పుడు భీమ్ చేసిన పని అర్జీ పెట్టడం. ఆసిఫాబాద్ అప్పటికి జిల్లా కేంద్రం, జిల్లా అధికారి అయిన తాలూక్‌దార్ కచేరీ అక్కడే ఉండేది, అక్కడ చెప్పుకున్నాడు. అక్కడ తెగకపోతే హైదరాబాద్ వెళ్ళి నిజాం నవాబునే కలిసి మొరపెట్టుకోవాలని ప్రయత్నించాడు. దర్శనం దొరకలేదు. జోడేఘాట్ కొండల నుంచి హైదరాబాద్ దాకా వెళ్ళి, ఆ కోట గుమ్మాల ముందు నిలబడి, ఎవరూ లోపలికి పిలవక తిరిగి వచ్చిన ఆ ప్రయాణం మన చరిత్రలో ఒక పెద్ద ఘట్టమని నేను నమ్ముతున్నాను. దాని మీద ఎవరూ బొమ్మ గీయలేదు. లోపల కూర్చున్న ఒక్క అధికారి ఆ అర్జీ తీసుకొని చదివి, పన్నెండు ఊళ్ళకు పట్టాలు రాయించి ఉంటే, జోడేఘాట్‌లో ఆ పోరే జరిగి ఉండేది కాదు.

హైదరాబాద్ నుంచి వట్టి చేతులతో వచ్చిన తరువాతే ఆయుధాల మాట వచ్చింది. పన్నెండు ఊళ్ళ యువకులు గుమిగూడారు, భర్మార్లు అనే నాటు తుపాకులు, కత్తులు, బరిసెలు, విల్లంబులు సమకూర్చుకున్నారు. కొమురం సూరు వంటి అనుచరులు భీమ్ వెంట నిలిచారు. పోలీసులు, అడవి సిబ్బంది వస్తే తరిమికొట్టారు. పోరు ముదిరిన తరువాత అధికారులు సంధికి వచ్చారనీ, పట్టాలు ఇస్తాము లొంగిపొమ్మన్నారనీ, పట్టాలతో సరిపోదు, మా ఊళ్ళను మేమే ఏలుకుంటాము అని భీమ్ జవాబు చెప్పాడనీ కథనాలు ఉన్నాయి. దీనిని కొందరు మొండితనం అంటారు. నాకు అట్లా తోచదు. పట్టా రాసిన చెయ్యే పట్టా కొట్టేయగలదని ఆ మనిషి జీవితమంతా చూశాడు. అందుకే కాగితంతో పాటు కాగితం మీద అధికారం కూడా అడిగాడు. జల్, జంగల్, జమీన్ అనే ఆయన నినాదాన్ని నేను ఇట్లాగే చదువుకుంటాను. నీళ్ళు, అడవి, భూమి మావి అనడం ఒక భాగం. మావి అని నిర్ణయించేది కూడా మేమే కావాలనడం మరొక భాగం.

1940లో తాలూక్‌దార్ అబ్దుల్ సత్తార్ వెంట సాయుధ పోలీసులు జోడేఘాట్ చుట్టుముట్టారు. కుర్దు పటేల్ అనేవాడు దారి చూపించాడని చెబుతారు. కాల్పుల్లో భీమ్, ఆయనతో పాటు మరికొందరు ప్రాణాలు విడిచారు. భీమ్‌కు మంత్రాలు వచ్చని, మళ్ళీ లేస్తాడేమోనని భయపడి, ప్రాణం పోయిన తరువాత కూడా ఆ దేహం మీద కాల్పులు జరిపారని గోండులు చెప్పుకుంటారు. దేహాన్ని ఇంటివారికి అప్పగించలేదు. ఆ రోజుకు పుస్తకాల్లో వేర్వేరు తేదీలు అచ్చయ్యాయి. జోడేఘాట్ మాత్రం ఆశ్వయుజ పౌర్ణమిని పట్టుకొని ఉంది, ఏటా ఆ పౌర్ణమి నాడే అక్కడ వర్ధంతి జరుగుతుంది. పోరు గురించి ఇంతకన్నా ఎక్కువ నేను చెప్పను. గోండుల గాథలు పాడే ప్రధాన్లు కిక్రి అనే తీగవాద్యం మీద పాడే పాటలో అది నాకన్నా బాగా ఉంది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉంది. భీమ్ పోరాటాన్ని ఒక మతం మీద మరొక మతం చేసిన పోరాటంగా చెప్పే ధోరణి ఈ మధ్య పెరిగింది. నిజాం ముస్లిం, తాలూక్‌దార్ ముస్లిం, సిద్దిఖ్ ముస్లిం అని లెక్కలు చెబుతారు. అయితే గోండుల అప్పు పత్రాలు రాయించుకున్న షావుకార్లు ఎవరు? చేలకు పేర్లు మార్చిన పట్వారీలు ఎవరు? వలస వచ్చి నల్లరేగడి ఆక్రమించిన రైతులు, దేశముఖులు ఎవరు? వారిలో అన్ని మతాలవారూ, అనేక కులాలవారూ ఉన్నారు, హిందువులే చాలామంది ఉన్నారు. ఆ జాబితాలో తెలుగు మాట్లాడేవారు కూడా ఉన్నారని ఈ సభలో ఒప్పుకోవాలి. భీమ్ శత్రువును మతంతో గుర్తించలేదు, చేసిన పనితో గుర్తించాడు. ఆయన పోరాటాన్ని మతానికి కుదించినప్పుడు మొట్టమొదట బయటపడిపోయేవాడు ఆ షావుకారే, ఆ పట్వారీయే. వారికి మన చేతులతో మనమే విముక్తి ఇచ్చినట్టవుతుంది.

భీమ్ చనిపోయాడు, అర్జీ మిగిలింది. ఇక్కడి నుంచి కథ చాలామందికి తెలియదు. ఇంత పెద్ద తిరుగుబాటు ఎందుకు వచ్చిందని నిజాం ప్రభుత్వంలో ప్రశ్న పుట్టింది. అప్పటికి హైదరాబాద్ రాజ్యంలో క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త ఉన్నాడు. రెండో ప్రపంచయుద్ధం వల్ల ఆయన రాకపోకలు ఆ రాజ్యం ఎల్లలకే పరిమితమయ్యాయి. చెంచుల మధ్య, కొండరెడ్ల మధ్య పనిచేసిన ఆయన, భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి ఆదిలాబాద్ కొండలకు వచ్చి మార్లవాయిలో మకాం పెట్టాడు, గోండీ నేర్చుకున్నాడు. గోండుల భూములు ఎట్లా పోయాయో, అడవి సిబ్బంది ఏమేం వసూలు చేస్తున్నారో, బాబేఝరిలో ఏం జరిగిందో ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికల్లో రాశాడు. అప్పటి రెవెన్యూ సభ్యుడు గ్రిగ్సన్ బస్తర్ గోండులను ఎరిగినవాడు కావడం వల్ల ఆ నివేదికలు అలమారాలో పడిపోలేదు. 1943లో మార్లవాయిలో గోండు యువకులను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. అడవి గీతలను కొన్నిచోట్ల వెనక్కు జరిపారు. ప్రభుత్వ భూమిని సాగుదారులకు ఇచ్చే లావణీ నియమాల కింద పట్టాలు రాయించడం మొదలుపెట్టి, హైమెన్‌డార్ఫ్ లెక్క ప్రకారం, 11 వేల పైచిలుకు ఆదివాసులకు దాదాపు 1,60,000 ఎకరాలు ఇచ్చారు. 1356 ఫసలీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది, 1949లో దానికి మరింత పదును పెట్టారు.

ఆ కాలంలోనే కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు పెట్టడం ఆనవాయితీ అయింది. కొండల్లోని ఆదివాసులు కచేరీల చుట్టూ తిరగనవసరం లేకుండా, వాళ్ళు ఎట్లాగూ దేవుడి కోసం వచ్చే చోటికి అధికారులే వచ్చి కూర్చొని మొరలు వినాలని దాని ఉద్దేశం. నేటికీ ఆ దర్బారు జరుగుతుంది, కలెక్టర్లు వస్తారు, మంత్రులు వస్తారు. భీమ్ హైదరాబాద్ దాకా మోసుకుపోయిన అర్జీని అందుకోవడానికి రాజ్యం కొండ ఎక్కి వచ్చింది, అయితే కాల్పులు జరిగిన తరువాత వచ్చింది. హైమెన్‌డార్ఫ్ చేసిన మేలును నేను తక్కువ చేయడం లేదు. బెట్టీ ఎలిజబెత్ సమాధి మార్లవాయిలోనే ఉంది, 1995లో లండన్‌లో కన్నుమూసిన ఆయన చితాభస్మాన్ని కూడా తరువాత అక్కడికే తెచ్చారు, ఊరివారు వారిద్దరినీ తమ పెద్దలుగా తలుచుకుంటారు. అయినా ఆ పట్టాలు ఆయన దయవల్ల వచ్చాయని మాత్రమే చెబితే సగమే చెప్పినట్టు. జోడేఘాట్ నెత్తురు లేకుండా ఆ నివేదికలకు చెవి ఒగ్గేవారు ఉండరు.

ఇచ్చిన పట్టాలు నిలిచాయా? ఇది బాధతో చెప్పవలసిన భాగం. 1948లో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, పాలకులు మారారు, రోడ్లు పడ్డాయి, వలసలు మళ్ళీ ఊపందుకున్నాయి. 1959 నాటి భూమి బదలాయింపు నిబంధనలు తెలంగాణ ప్రాంతానికి వర్తించింది 1963 చివర. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదని ఖండితంగా చెప్పిన సవరణ 1970లో వచ్చింది. అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే చట్టం అదే. చట్టం గట్టిదే. కానీ ఈ లోపల పోయిన భూమి పోయింది, చట్టం వచ్చాక కూడా బినామీ పేర్లతో పోతూనే ఉంది. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభ పెట్టుకోవడానికి వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదమూడు మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది, చాలా ఎక్కువమంది పోయారని ఊళ్ళు చెప్పాయి. ఆ సభలో వారు అడగదలచుకున్నవి ఏమిటి? పోయిన భూములు తిరిగి ఇప్పించండి, పోడు భూములకు పట్టాలు ఇవ్వండి, షావుకార్ల దోపిడీ ఆపండి. అంతకు నలభై ఏళ్ళ క్రితం భీమ్ చేతిలో ఉన్న అర్జీలోని వాక్యాలే అవి.

భీమ్ ఇంద్రవెల్లి తరువాతే తెలుగు చదువరులకు నిజంగా పరిచయమయ్యాడు. అంతకుముందు ఆయన గోండు పాటల్లో, సూరు వంటి ముసలివారి జ్ఞాపకాల్లో బతికి ఉన్నాడు. 1980లలో రచయితలు గూడేలకు వెళ్ళి ఆ జ్ఞాపకాలను విని రాయడంతో మైదానాలకు తెలిశాడు. తెలంగాణ ఉద్యమం ఆయనను తన పతాకం మీదికి తెచ్చుకుంది. రాష్ట్రం వచ్చాక జోడేఘాట్‌లో స్మారకం, మ్యూజియం వెలిశాయి, వర్ధంతి ప్రభుత్వ కార్యక్రమమైంది. ఇవన్నీ సంతోషించవలసినవే. జోడేఘాట్ బడిలో చదువుకుంటున్న గోండు పిల్లవాడు తన ఇంటిపేరు జిల్లా బోర్డు మీద చూడగలగడం చిన్న సంగతి కాదు.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి అడవిలో సాగు చేసుకుంటున్న ఆదివాసులకు హక్కు ఉందని, ఆ హక్కును మొదట గ్రామసభ పరిశీలించాలని అది చెప్పింది. గ్రామసభ అనే ఆ మాటలో భీమ్ అడిగిన రెండో సగం, అంటే నిర్ణయించే అధికారం, కొంచెమైనా ఉంది. 2023 జూన్ 30న పోడు పట్టాల పంపిణీని తెలంగాణ ప్రభుత్వం ఆసిఫాబాద్‌లోనే మొదలుపెట్టింది. రాష్ట్రమంతటా దాదాపు లక్షన్నర మందికి నాలుగు లక్షల ఎకరాలకు పైగా ఇస్తున్నట్టు ప్రకటించింది. ఒకనాడు ఆ ఊళ్ళోనే తాలూక్‌దార్ కచేరీ ఉండేదని తెలిసినవారికి ఆ వార్త ఎట్లా వినబడి ఉంటుందో ఊహించండి.

రెండేళ్ళు తిరగకుండానే, 2025 మే నెలాఖరులో, అదే జిల్లాలో మరొక ఉత్తర్వు వచ్చింది. మహారాష్ట్రలోని తడోబా, మన కవ్వాల్ పులుల అభయారణ్యాల మధ్య పులులు తిరిగే దారిని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటిస్తూ 49 నంబరు జీవో వెలువడింది. ఆ రిజర్వుకు పెట్టిన పేరు కుమురం భీమ్. ఆదివాసీ సంఘాలు వ్యతిరేకించాయి, బంద్ పాటించాయి, జూలైలో ప్రభుత్వం ఆ ఉత్తర్వును నిలుపుదల చేసింది. పులి బతకాలనే అందరం కోరుకుంటాము. గోండులూ కొలాములూ పులితో కలిసి బతికినవారే, పులిని కొలిచినవారే. కానీ అడవి చుట్టూ గీత గీస్తారని వినగానే ఆ ఊళ్ళలో ఏ జ్ఞాపకం కదులుతుందో ఉత్తర్వు రాసినవారు ఒక్క క్షణం ఆలోచించి ఉండవలసింది. రిజర్వు అడవి గీతకు ఎదురు నిలిచి చనిపోయిన మనిషి పేరును మరొక రిజర్వు గీతకు పెట్టారు. అందులో దురుద్దేశం ఉందని నేను అనను. ఆయన ఏమి అడిగాడో మరిచిపోయి పేరు మాత్రం గుర్తుపెట్టుకుంటే ఇట్లాంటివి జరుగుతాయి. గ్రామసభలను ముందుగా పిలిచి అడిగి ఉంటే, ఏ దారి పులిదో, ఏ చేను మనిషిదో ఆ ఊరివారే గీత గీసి చూపించేవారు.

చివరగా ఇక్కడి విద్యార్థులను ఒక పని అడిగి ముగిస్తాను. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్తావేజులు లక్షల్లో ఉన్నాయి, వాటిలో చాలా భాగం ఉర్దూలో, ఫార్సీలో ఉంది. అడవి గీతలు ఎప్పుడు ఎక్కడ గీశారో, ఏ ఊరి బీళ్ళు అందులోకి పోయాయో, ఎవరెవరు ఏమని మొరపెట్టుకున్నారో తెలియాలంటే ఆ కట్టలు విప్పి చదవాలి. ఉర్దూ తెలిసిన విద్యార్థులు, గోండీ తెలిసిన విద్యార్థులు జంటలుగా కూర్చోండి. ఒకరు చదవండి, ఒకరు ఆ ఊళ్ళకు వెళ్ళి అక్కడి పెద్దలకు వినిపించండి, వాళ్ళు చెప్పేది రాసుకొని రండి. దొరికిన ప్రతి కాగితాన్నీ తెలుగులోకి, గోండీలోకి తేవాలి. నార్నూరు మండలంలోని గుంజాల గ్రామంలో దొరికిన గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది కనుక, ఆ లిపిలో అచ్చు వేయడానికి ఇప్పుడు అడ్డం లేదు. ఆసిఫాబాద్, సిర్పూర్, ఉట్నూర్ తాలూకాల దస్తావేజులతో మొదలుపెట్టండి. అందులోనూ బాబేఝరి, జోడేఘాట్ పేర్లున్న కట్టలు ముందు తీయండి.